చెప్పులు విప్పి ఎక్కే బండి

తెల్లాపూర్ దాటాక ఒక వెంచర్ ఉంది. నున్నటి తారు రోడ్లున్నాయి, వీధి దీపాలున్నాయి, పిల్లల పార్కు అని బోర్డు పెట్టిన చోట ఒక జారుడుబల్ల కూడా ఉంది. ఇళ్లు మాత్రం లేవు. ప్లాట్లు కొన్నవాళ్లు హద్దురాళ్లు పాతుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఆ ఖాళీ రోడ్ల మీద మేకలు తిరుగుతాయి, నెమళ్లు తిరుగుతాయి, వారంలో కొన్ని రోజులు ఒక నీలం రంగు కారు తిరుగుతుంది.

ఆ కారు పేరు పాలపిట్ట. రెండే సీట్లు. నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు. పెట్రోలు చుక్క అక్కర్లేదు, అంతా బ్యాటరీ. హైటెక్ సిటీలో ఓ అద్దాల మేడలో సగం అంతస్తు తీసుకున్న చిన్న కంపెనీ దాన్ని తయారుచేస్తోంది. నిరుడు దసరా నాడు అది మొదటిసారి కదిలింది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. ఆ రోజు బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు. పూజ చేసిన బండిలోకి బూట్లతో ఎలా ఎక్కేదని కంపెనీ పెట్టిన రవీందరే ముందు షూ విప్పాడు. మిగతావాళ్లూ విప్పారు. ఆ తర్వాత విప్పాలని ఎవరూ చెప్పలేదు, విప్పొద్దనీ ఎవరూ చెప్పలేదు. పాలపిట్ట ఎక్కడ ఆగితే అక్కడ రోడ్డు పక్కన గుడి ముందున్నట్టు చెప్పుల వరస ఉండేది.

బుధవారం ఉదయం ఆ వరస ముందుకు చలపతిరావు వచ్చి నిలబడ్డాడు. అరవై అయిదు దాటిన మనిషి. నల్లటి తోలు బూట్లు, ఇస్త్రీ చొక్కా. నగరంలో స్పోర్ట్స్ కార్ల పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఒక క్లబ్బుంది, దానికి ఆయనే పెద్ద. ఆదివారం పొద్దున్నే ఔటర్ రింగు రోడ్డు మీద తమ బండ్లేసుకుని ఇడ్లీ తినడానికి పోయే బాపతు వాళ్లంతా. ఏ బండినైనా ఆయన బాగుందంటే బాగున్నట్టే వాళ్లకు. వచ్చే ఆదివారం క్లబ్బు క్లబ్బంతా పాలపిట్టను చూడటానికి వస్తోంది. దానికి ముందు ఆయన ఒక్కడూ తోలి చూస్తానన్నాడు.

చెప్పుల వరస చూసి ఆయన మెల్లగా వంగి, బూటు తాడు మీద చెయ్యి వేశాడు.

"అయ్యో, మీరెందుకు సార్," అని రవీందర్ ఆపాడు. "మీరు అట్లనే కూసోండ్రి."

చలపతిరావు మారుమాట లేకుండా లేచి నిలబడ్డాడు. ఆయన ముఖంలో ఊరట కనిపించింది. వంగడం తప్పిందని కాబోలు అనుకుంది కంపెనీ ఇంజనీరు రోహిణి. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆమె పక్క సీట్లో కూర్చుంది. డ్రైవింగ్ స్కూలు కార్లకున్నట్టు ఆ సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పరీక్షల కోసం పెట్టుకున్నది.

ఈ బండిలో కాలికీ మోటారుకీ మధ్య తీగ ఉండదు. పెడల్ కింద చిన్న సెన్సారు ఉంటుంది. కాలు ఎంత నొక్కిందో అది కంప్యూటరుకు చెబుతుంది. ఎంత నొక్కితే మోటారు ఎంత తిరగాలన్న లెక్కను మ్యాప్ అంటారు. ఆ మ్యాప్ గీసింది రోహిణి. రెండేళ్లుగా ఆమె చేసిన పని అదే. బ్యాటరీ బండికి పరుగు ఎవరైనా ఇస్తారు, మనసు ఇవ్వాలన్నది ఆమె పట్టుదల. వేలితో తాకితే వీణ తీగ పలికినంత సన్నగా బండి పలకాలని, కాలు అనుకున్నది కాలు నొక్కకముందే బండికి తెలిసినట్టుండాలని ఆమె ఒక్కో గీతా చెరిపి మళ్లీ గీసింది.

చలపతిరావు పెడల్ మీద కాలు పెట్టాడు. పాలపిట్ట తోక తొక్కిన పిల్లిలా ఎగిరి దూకింది. ఆయన కాలు తీశాడు. టక్కున ఆగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ దూకింది. మొదటి మలుపు దగ్గర రోహిణి తన వైపు బ్రేకు నొక్కాల్సి వచ్చింది. పక్కన మేస్తున్న మేకలు బెదిరి పార్కులోకి పరుగెత్తాయి.

వెనక్కి వచ్చి దిగాక ఆయన స్టీరింగు వైపు చూస్తూనే మాట్లాడాడు. "బ్యాటరీ బండ్లతో ఇదేనండీ బాధ. పరుగుంది, మర్యాద లేదు. మనం ఒకటి చెబితే అది ఒకటి చేస్తుంది."

రోహిణి ల్యాప్‌టాప్ మూసేసింది. వాదించలేదు. వాదించడానికి ఏముంది, బండి దూకడం తనూ చూసింది.

ఆయన వెళ్లాక రవీందర్ ఆమెను బండి పెట్టుకునే షెడ్డు పక్కకు పిలిచాడు. కఠినుడేం కాదు, భయస్థుడు. "పాత మ్యాప్ ఎక్కియ్యి. ఆ మెత్తటిది. లోపల స్పీకర్లు పెట్టి పెట్రోలు బండి చప్పుడు ఏద్దాం. ఆదివారం వాళ్లకు నచ్చకపోతే ఈ బండి కథ ఇక్కడికే ఒడుస్తది."

"మెత్తటి మ్యాప్ ఏస్తే ఇది ఆఫీసుకు పోయే కారైతది సార్. ఉత్త చప్పుడుతోని స్పోర్ట్స్ కారు కాదు."

"నాకు తెల్వదా రోహిణీ. కని ఇప్పుడేం జేద్దాం చెప్పు."

తన రెండేళ్ల గీతలన్నీ ఆదివారంతో చెత్తబుట్టలోకి పోతాయని రోహిణికి అర్థమైంది.

రోహిణిది పుప్పాలగూడ. అపార్టుమెంట్ల మధ్య మిగిలిపోయిన పాత ఊళ్లో, వాకిట్లో వేపచెట్టున్న చిన్న ఇల్లు. తండ్రి ఐలయ్య బడి వ్యాను నడుపుతాడు. ఆ సాయంత్రం ఆయన వ్యాను గేటుకు అడ్డంగా ఆపి లోపల చాయ్ తాగుతున్నాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"బిడ్డా, జర వ్యాను పక్కకు వెట్టు," అన్నాడు ఐలయ్య.

రోహిణి బయటికొచ్చింది. మనసంతా గీతల మీదే ఉంది. ఆమె చెప్పులు కింద వదిలి, సీటెక్కి, వ్యాను పక్కకు పెట్టి, దిగి, చెప్పుల్లో కాళ్లు దూర్చబోయి ఆగిపోయింది. కాళ్ల వైపు చూసుకుంది. చెప్పుల వైపు చూసింది. తండ్రి ఎప్పుడూ అలాగే తోలతాడు, తను నేర్చుకున్నదీ అలాగే. పాలపిట్టలో కూర్చున్న ప్రతి ఒక్కరూ అలాగే తోలారు, చలపతిరావు తప్ప.

మర్నాడు ఆమె వెంచర్‌కు వస్తూ వానాకాలంలో తండ్రి వేసుకునే రబ్బరు బూట్లు పట్టుకొచ్చింది. అవి తొడుక్కుని పాలపిట్ట ఎక్కింది. తను రెండేళ్లు మెరుగుపెట్టిన బండి తన కింద ఎగిరి దూకింది. రోహిణికి నవ్వూ సిగ్గూ రెండూ కలిసి వచ్చాయి. ఇంతమంది ఇంజనీర్లు కూర్చుని, ప్రపంచమంతా బూట్లేసుకుని తోలే బండిని వట్టి అరికాలికి కొలతపెట్టి కుట్టారు.

సంగతి చెబితే రవీందర్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నేనే గద ఆయన్ను షూ ఇప్పొద్దన్న."

"బూట్లకు వేరే మ్యాప్ గీస్తా సార్. నెల పడుతది. ఈలోపల ఇది తీసెయ్యకుండ్రి."

"ఆయన నోటితోని బాగలేదన్నడు. ఆయనే మళ్లోసారి తోలి బాగుందంటే ఉంచుత. లేకుంటే ఆదివారం మెత్తటిదే."

అందుకే శుక్రవారం సాయంత్రం రోహిణి నల్లగండ్లలో చలపతిరావు ఇంటికి వెళ్లింది. ఒక్కసారి వట్టి కాళ్లతో తోలండి అని అడగాలి, అంతే. లిఫ్టులో ఆ మాటను నాలుగు రకాలుగా అనుకుంటూ పైకి వెళ్లింది.

తలుపు తీసే ఉంది. హాల్లో సోఫా మీద చలపతిరావు కూర్చున్నాడు. కింద పీట మీద ఆయన భార్య అనసూయమ్మ కూర్చుని, ఆయన పాదం తన ఒళ్లో పెట్టుకుని, చిన్న అద్దం పట్టి అరికాలు చూస్తోంది. రెండో చేతిలో టార్చి. ఒక్కో వేలూ విడదీసి, సందుల్లో వెలుగు వేసి చూస్తోంది. రోహిణిని చూసి ఆయన కాలు లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

"కదలకండి. అయిపోవచ్చింది," అంది అనసూయమ్మ. తర్వాత రోహిణి వైపు తిరిగి, "రామ్మా, కూర్చో. రోజూ చూడమన్నారమ్మా డాక్టరు గారు. షుగరు కదా, కాళ్లకు స్పర్శ పోయింది. మొన్న ఎక్కడికో వెళ్లొచ్చారు, బూటులో ఇదుంది. రోజంతా దాని మీదే నడిచారు, తెలియనే లేదు," అని టీపాయ్ మీద నుంచి ఒక కంకర ముక్క తీసి చూపించింది.

అది వెంచర్ రోడ్డు పక్కన ఉండే నల్ల కంకర. రోహిణి దాన్ని చేతిలోకి తీసుకుంది. అంచులు పదునుగా ఉన్నాయి. అడగాలని వచ్చిన మాట అడిగేందుకు లేకుండా పోయింది.

అనసూయమ్మ లోపలికి కాఫీ పెట్టడానికి వెళ్లాక, ఎందుకొచ్చావని చలపతిరావు అడిగితే, తన రెండేళ్ల మ్యాప్ వట్టి కాళ్లకే సరిపోయిందనీ, ఆదివారం దాన్ని తీసేస్తారనీ రోహిణి చెప్పింది. టీపాయ్ మీద గుండ్రటి చెక్క ముక్క ఒకటి ఉంది, కారు గేరు కర్రకు పైన ఉండే పిడి. అరిగి అరిగి చింతగింజలా నిగనిగలాడుతోంది. ఆయన దాన్ని తీసుకుని అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"కింద నా ఎర్ర బండి ఉంది. గుడ్డ కప్పేశాను," అన్నాడు చివరికి. "క్లచ్చి మీద కాలుందో లేదో తెలిసేది కాదమ్మా. ఒకరోజు గేటు గుద్దాను. అప్పుడే మానేశాను. క్లబ్బులో వెన్నునొప్పని చెప్పాను. పెద్దాయనా పెద్దాయనా అని పిలుస్తారు. కాలు తెలియని పెద్దాయన బండి గురించి చెబితే ఎవరు వింటారు?"

"మరి మా బండి ఎందుకు తోలుదామనుకున్నరు సార్?"

"మీ బండికి క్లచ్చి లేదుగా. క్లచ్చి లేనివి ఎప్పటినుంచో ఉన్నాయి, కాదనను. అవన్నీ మనిషిని కూర్చోబెట్టి మోసుకెళతాయి. నా ఎర్ర బండి అలా కాదు, మాట్లాడితే బదులు చెప్పేది. నాకు చప్పుడు అక్కర్లేదమ్మా, ఆ బదులు కావాలి. రాబోయే బండ్లలో అది ఉంటుందా, ఉంటే నా వంతుకు కొంచెం మిగులుతుందా అని ఆశపడి వచ్చాను." ఆయన పిడిని తిప్పడం ఆపాడు. "ఆ రోజు బండి దూకితే సిగ్గేసింది. కాలిని అనలేక బండిని అన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు, నీ ముఖం చూశాను కూడా. తప్పు చేశాను. రవీందర్ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యమ్మా. నీ పని నిలబడుతుంది."

చెబితే నిలబడుతుంది. నిజమే. ఆ మాట రేపటికల్లా క్లబ్బంతటికీ తెలుస్తుంది, అదీ నిజమే. రోహిణి కంకర ముక్కను టీపాయ్ మీద పెట్టేసింది.

"నేను చెప్పను సార్," అంది.

కాఫీ తాగుతూ ఆమె ఆయన చేతినే చూసింది. పిడి మళ్లీ అరచేతిలో తిరుగుతోంది. బొటనవేలు దాని అంచు మీద ఒక చోట ఆగుతోంది, వెనక్కి వస్తోంది, మళ్లీ అదే చోట ఆగుతోంది. అక్కడ చెక్క మీద సన్నటి గీత ఉంది. కంటికి సరిగ్గా ఆనని గీత.

"అది కనబడుతుందా సార్ మీకు?"

"ఏది?"

"మీ వేలు కింద గీత."

"కనపడదమ్మా. తెలుస్తుంది," అన్నాడు చలపతిరావు.

రోహిణి గ్లాసు కింద పెట్టింది. "ఆ పిడి నాకు రెండు రోజులు ఇస్తరా?"

శనివారం షెడ్డులో ఆమె పాలపిట్ట లోపల బోర్లా పడుకుని పనిచేసింది. విడిభాగాల పెట్టెలో ఇంకో పెడల్ సెన్సారు ఉంది. ఇనుప పట్టీ ఒకటి కోసి, వంచి, రంధ్రాలు చేసి, స్టీరింగు పక్కన ఎడమ చేతికి అందేచోట బిగించింది. దానికి జానెడు కర్ర, కర్ర మీద చలపతిరావు పిడి. లోపల స్ప్రింగు. ముందుకు నెడితే బండి కదలాలి, పట్టు సడలిస్తే మోటారే బండిని పట్టి ఆపాలి. సెన్సారుకు అది కాలో చెయ్యో తెలియదు. దానికి తెలిసింది ఎంత నొక్కారన్నదే.

అయిపోయాక కూర్చుని పిడి మీద చెయ్యి వేసింది. మ్యాప్ మార్చలేదు. తన గీతలు తను గీసినట్టే ఉన్నాయి. కొంచెం నెట్టింది. పాలపిట్ట నిద్రలేచి ఒళ్లు విరుచుకున్నంత నెమ్మదిగా కదిలింది. ఆమె ఆ ఖాళీ వెంచర్‌లో ఒక్కతే గట్టిగా నవ్వింది.

రవీందర్ వచ్చి చూశాడు. "ఇదేంది?"

"చేతితోని తోలేది. రేపు పొద్దుగాల క్లబ్బోళ్లు రాకముందే చలపతిరావు సార్ ఒక్కసారి తోలుతరు. బాగలేదంటే నేనే మెత్తటి మ్యాప్ ఎక్కిస్త."

"చేతితోని ఎందుకు? ఆయనకు కాళ్లున్నయి గద."

"ఉన్నయి సార్," అంది రోహిణి. రవీందర్ ఆమె ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. ఆ గుణం అతనిలో ఉంది.

ఆదివారం ఎండ ఇంకా మెత్తగా ఉండగానే చలపతిరావు వచ్చాడు. ఈసారి తోలు బూట్లు లేవు. డాక్టర్లు ఇచ్చే మందపాటి మెత్తటి చెప్పులు వేసుకొచ్చాడు. వెంట అనసూయమ్మ కూడా వచ్చింది. చెప్పుల వరస దగ్గర ఆయన ఆగి రోహిణి వైపు చూశాడు.

"ఇవి విప్పకూడదమ్మా నేను."

"విప్పకుండ్రి సార్. వాటితో పని లేదు," అని ఆమె తలుపు తీసి లోపలి పిడి చూపించింది.

ఆయన దాన్ని గుర్తుపట్టాడు. కూర్చుని, చేతిగడియారం తీసి భార్యకిచ్చి, అరచేతిని ప్యాంటుకు తుడుచుకుని పిడి మీద ఉంచాడు. బొటనవేలు దానంతట అదే ఆ గీతను వెతుక్కుంది. రోహిణి పక్కన కూర్చుని తన వైపు బ్రేకు మీద కాలు పెట్టింది.

పాలపిట్ట కదిలింది. మొదటి మలుపు దగ్గర ఆయన పట్టు కొంచెం సడలించాడు, బండి తల వంచినట్టు నెమ్మదించింది. మలుపు మధ్యలో ఆయన వేలు వెంట్రుకవాసి ముందుకు జరిగింది, బండి అంతే జరిగింది. రెండో చుట్టులో ఆయన నిజంగా తోలాడు. సీటు రోహిణి వీపును నెట్టింది, హద్దురాళ్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పోయాయి. మేకలు తలెత్తి కూడా చూడలేదు. చక్రాల కింద తారు రాసుకునే చప్పుడు, గాలి, అంతే. రోహిణి పక్కకు చూసింది. పెద్దాయన కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"బదులు చెబుతోందమ్మా," అన్నాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి వెంచర్ కమాను కింద రంగు రంగుల బండ్లు వరసగా ఆగి ఉన్నాయి. క్లబ్బు వాళ్లు చెప్పిన వేళకంటే ముందే వచ్చేశారు. అందరూ చేతులు కట్టుకుని చూస్తున్నారు. చలపతిరావు బండి దిగి, మందపాటి చెప్పులు అందరికీ కనిపించేట్టు నిలబడ్డాడు.

"నా అరికాళ్లకు స్పర్శ లేదండీ," అన్నాడు ఆయన మామూలుగా. "వెన్నునొప్పి అని మీకు అబద్ధం చెప్పాను. బుధవారం ఈ బండిని మర్యాద లేనిదన్నాను. అది కూడా అబద్ధమే. ఈ అమ్మాయి రెండేళ్ల పనిని ఒక్క మాటతో పాడు చేయబోయాను. ఇప్పుడు చేత్తో తోలాను, మీరు చూశారు. ఎలా ఉందో మీరే తోలి చూసుకోండి. బూట్లు విప్పి ఎక్కండి, అంతే."

ముందు నిలబడ్డ ఒకాయన వంగి బూటు తాడు విప్పడం మొదలుపెట్టాడు. పక్కనాయనా వంగాడు.

రవీందర్ రోహిణి దగ్గరకు వచ్చాడు. "ఏ మ్యాప్ ఉన్నది ఇండ్ల?"

"నాదే సార్. ఒక్క గీత మార్చలే."

"ఉండనియ్యి," అన్నాడు రవీందర్. "స్పీకర్లు గూడ వద్దు."

తోలడానికి క్లబ్బు వాళ్లు తొందరపడుతుంటే చలపతిరావు మాత్రం బండి దగ్గర్నుంచి కదలలేదు. "ఇంకొక్క చుట్టు ఇస్తారా? మెల్లగానే," అని అడిగాడు. ఆయన చూపు అనసూయమ్మ మీద ఉంది. ఎర్ర బండికి గుడ్డ కప్పాక ఆమె ఆయన పక్క సీట్లో కూర్చోలేదు.

రవీందర్ తటపటాయించాడు. ఉన్నవి రెండే సీట్లు. రోహిణి ల్యాప్‌టాప్ తెరిచి, బండి సైకిలు కన్నా వేగంగా పోకుండా కట్టేసింది. తర్వాత అనసూయమ్మను పిలిచింది. ఆమె ఎవరూ చెప్పకుండానే చెప్పులు వరసలో విడిచి, పైట సర్దుకుని, బండి అంచును తాకి కళ్లకద్దుకుని ఎక్కింది.

"ఇది బ్రేకమ్మా," అని రోహిణి వంగి చూపించింది. "సార్ చెయ్యి వదిలితే బండి అదే ఆగుతది. అయినా మీకు భయమైతే ఇది నొక్కుండ్రి."

అనసూయమ్మ పసుపు రాసిన పాదాన్ని బ్రేకు మీద పెట్టింది. తాకి, తీసి, మళ్లీ పెట్టి సరిచూసుకుంది. "తెలుస్తోంది," అంది. తర్వాత భర్త వైపు తిరిగి, "నేనున్నాగా, పోనివ్వండి," అంది.

పాలపిట్ట మేకలను దాటి, జారుడుబల్లను దాటి, చివరి మలుపు దాకా మెల్లగా వెళ్లింది. రోహిణి ల్యాప్‌టాప్ తెర మీద రెండు గీతలు వస్తున్నాయి. ఆయన చేతి గీత సన్నగా, తెగకుండా లేస్తూ దిగుతూ సాగుతోంది. దాని కింద బ్రేకు గీత ఉంది. బండి తిరిగి వచ్చేదాకా అది ఒక్కసారి కూడా లేవలేదు.

అనసూయమ్మ దిగి, తన చెప్పులు వేసుకోకుండానే ముందు భర్త వైపు వచ్చి, ఆయన కాలి చెప్పు తీసి దులిపి, లోపల ఏమైనా రాయి ఉందేమోనని వేలితో తడిమి చూసింది.